ఇంటికీ కార్యాలయానికీ చేయించిన క్రిమిసంహారక సేవ: తడిగుడ్డకు మంచి మార్కులు, ఫాగింగ్ యంత్రానికి సున్నా

మా ఇంటినీ, నేను పనిచేసే కార్యాలయాన్నీ ఒకే వారంలో ఒకే సంస్థ చేత క్రిమిసంహారం చేయించాను. ఇంట్లో ముగ్గురికి వరసగా వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కార్యాలయంలో ఒకే హాలులో కూర్చునే పదకొండు మందిలో ఆరుగురు జ్వరం, దగ్గుతో ఒకరి తర్వాత ఒకరు సెలవు పెట్టారు. రెండూ వైరస్ వల్ల వచ్చినవేనని డాక్టరు చెప్పారు. కార్యాలయ నిర్వహణ బాధ్యత కూడా నాదే కావడంతో రెండు చోట్లా పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా దగ్గరుండి చూశాను, నెల తర్వాత కార్యాలయానికి అదే సంస్థను మళ్లీ పిలిపించాను. సంస్థ పేరు రాయడం లేదు. దాన్ని ఎంచుకునే ముందు మరో రెండు సంస్థలతో మాట్లాడితే అవి కూడా దాదాపు ఇవే మాటలు చెప్పాయి కాబట్టి, కింద రాసిన లోపాలను ఒక్కరికే అంటగట్టడం న్యాయం కాదు.

మూడు సంస్థలూ ఫోనులో మొదట అడిగిన ప్రశ్న ఒకటే: స్థలం ఎన్ని చదరపు అడుగులు? ఏ జబ్బు వచ్చింది, చివరిసారి ఎవరికి ఎప్పుడు వచ్చింది, ఇంట్లో పసిపిల్లలు గాని ఉబ్బసం ఉన్నవాళ్లు గాని ఉన్నారా అని ఒక్కరూ అడగలేదు. నా దృష్టిలో సేవ నాణ్యత ఈ ప్రశ్నల దగ్గరే సగం తేలిపోతుంది, ఎందుకంటే ఏ మందు వాడాలో, ఎంత గాఢతలో వాడాలో, ఎంతసేపు తడిగా ఉంచాలో నిర్ణయించేది గది విస్తీర్ణం కాదు, అక్కడ ఉండవచ్చుననుకుంటున్న వైరస్ రకం.

కరపత్రం మీద పెద్ద అక్షరాలతో 99.9 శాతం క్రిములు నశిస్తాయని ఉంది. అంకె అబద్ధమని అనను. కాని అది ప్రయోగశాలలో, ముందే శుభ్రం చేసిన పలక మీద, నిర్ణయించిన గాఢతలో ఉన్న మందును నిర్ణయించిన సమయం పాటు తడిగా ఉంచినప్పుడు వచ్చే అంకె. మన గదిలో ఆ షరతులన్నీ కుదిరితేనే దానికి అర్థం ఉంటుంది. పైగా పది లక్షల వైరస్ కణాలున్న చోట 99.9 శాతం పోయినా ఇంకా వెయ్యి మిగులుతాయి. యూరప్‌లో ఒక మందు వైరస్ నాశకమని చెప్పుకోవాలంటే కణాల సంఖ్యను పదివేలవ వంతుకు, అంటే 99.99 శాతం మేర తగ్గించి చూపాలని ఈఎన్ 14476 ప్రమాణం కోరుతుంది. చాలా డబ్బాల మీద కనిపించే 99.9 బ్యాక్టీరియా మీద చేసిన పరీక్షకు చెందినది, ఆ సంగతి లేబులు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను రెండుసార్లు అడిగాక గాని లేబులు ఫొటో పంపలేదు. పంపినందుకు మాత్రం ఒక మార్కు వేస్తున్నాను, మిగిలిన రెండు సంస్థలు అది కూడా చేయలేదు.

లేబులు ప్రకారం మందులోని ప్రధాన పదార్థం బెంజాల్కోనియం క్లోరైడ్. ఇది క్వాటర్నరీ అమ్మోనియం సమ్మేళనాల కుటుంబానికి చెందినది, 1935లో జర్మన్ శాస్త్రవేత్త గెర్హార్డ్ డోమాక్ దీని క్రిమినాశక గుణాన్ని వెల్లడించినప్పటి నుంచీ వాడుకలో ఉంది. కరోనా, ఇన్‌ఫ్లుయెంజా వంటి వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. ఆ పొర చెదిరితే వైరస్ పనికిరాకుండా పోతుంది కాబట్టి వాటి మీద ఈ మందే కాదు, సబ్బు నీళ్లు కూడా బాగా పనిచేస్తాయి. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కు ఆ పొర లేదు. దాని ప్రోటీన్ గుల్ల గట్టిది, చేతులకు రాసుకునే ఆల్కహాల్ శానిటైజర్‌కు గాని, మామూలు గాఢతలో ఉన్న ఈ రకం మందులకు గాని అది సులువుగా లొంగదు. కార్యాలయానికి సరిపోయే మందునే మా ఇంటికీ తేబోయారన్నమాట. ఇంట్లో జబ్బు లక్షణాలు చెప్పి, స్నానాలగదికీ మరుగుదొడ్డికీ సోడియం హైపోక్లోరైటే, అంటే బ్లీచింగ్ ద్రావణంగా వాడే క్లోరిన్ మందే వాడాలని పట్టుబట్టాను. పర్యవేక్షకుడు కాస్త విసుక్కున్నా ఒప్పుకున్నాడు.

ఇంటి పని గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. దానికి కారణం సంస్థ పద్ధతి కాదు, వచ్చిన ఇద్దరు పనివాళ్లలో వయసులో పెద్దావిడ. మందు డబ్బా మూత తీయకముందే ఆమె సబ్బు నీళ్లతో గోడలు, కమోడు, కొళాయిలు కడిగింది. తొందరగా మందు కొట్టేసి వెళ్లిపోదామని పర్యవేక్షకుడు అంటే, "మురికి మీద మందు పోస్తే మురికే తాగేస్తుంది సార్" అంది. రసాయన శాస్త్రం కూడా సరిగ్గా ఇదే చెబుతుంది. క్లోరిన్‌కు మన శరీర స్రావాలలోని సేంద్రియ పదార్థానికీ వైరస్‌కూ తేడా తెలియదు, ఏది ముందు తగిలితే దాని మీద ఖర్చయిపోతుంది. జిడ్డు, మరకలు ఉన్న చోట ఎంత ఖరీదైన మందు కొట్టినా అది వైరస్ దాకా చేరకుండానే చచ్చుబడుతుంది.

కలిపిన పాళ్లు కూడా సరిగ్గానే ఉన్నాయి. 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం ఒక పాలుకు 49 పాళ్ల చల్లని నీళ్లు కలిపితే 0.1 శాతం వస్తుంది, తలుపు పిడులు, కొళాయిలు, నేల వంటి వాటికి అది చాలు. వాంతి పడిన చోటికి ఒక పాలుకు 9 పాళ్లు కలిపి 0.5 శాతం చేసింది. నోరోవైరస్ అనుమానం ఉన్నప్పుడు 1,000 నుంచి 5,000 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు, అంటే 0.1 నుంచి 0.5 శాతం) క్లోరిన్ వాడి, కనీసం 5 నిమిషాలు తడిగా ఉంచాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమైన సీడీసీ చెబుతుంది, ఈ రెండు పాళ్లూ ఆ పరిధిలోకే వస్తాయి. ద్రావణాన్ని మా ఇంట్లోనే కలిపింది, మిగిలినదాన్ని పారబోసింది. పలచన చేసిన బ్లీచింగ్ ద్రావణం వేడికీ వెలుతురుకీ బలం కోల్పోతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజు కలుపుకోవాలి. ఉదయమే కలిపి ఊరంతా తిప్పి తెచ్చే సంస్థలను నేను నమ్మను.

ఒక సంఘటన మాత్రం ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. రెండో పనివాడు కమోడులో ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్ పోసి, అది అలాగే ఉండగా పక్కనే హైపోక్లోరైట్ సీసా మూత తిప్పబోయాడు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, కిటికీ మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదకు తెస్తుంది. పెద్దావిడ అతని చెయ్యి పట్టుకుని ఆపి, రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి, కిటికీ తెరిచాకే పని సాగించింది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌ను బ్లీచింగుతో కలిపినా ఇలాంటి ప్రమాదమే, అప్పుడు క్లోరమైన్ వాయువులు వెలువడతాయి. ఇంత ప్రాథమికమైన విషయం తెలియని మనిషిని శిక్షణ పొందిన సిబ్బంది అంటూ ఇంటికి పంపడం ఈ సేవలో నేను చూసిన అతి పెద్ద తప్పు. ఈ విషయం సంస్థకు రాతపూర్వకంగా తెలియజేశాను. క్షమాపణ వచ్చింది, శిక్షణ గురించి ఏమీ రాలేదు.

ఇక కార్యాలయం. ఇక్కడ అసలు ఆకర్షణ ఫాగింగ్ యంత్రం. తెల్లని సూట్లు, కళ్లద్దాలు, భుజానికి యంత్రం, హాలంతా కమ్ముకున్న పొగమంచు, చూడడానికి ఘనంగానే ఉంది. మా మేనేజరు ఫొటోలు తీసి సిబ్బందికి పంపారు. కాని 2020 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు, భవనాల లోపల ఉపరితలాల మీద మామూలుగా ఇలా చల్లడాన్ని గాని పొగలా వదలడాన్ని గాని సిఫారసు చేయలేదు, మనుషుల మీద చల్లడం ఏ పరిస్థితిలోనూ కూడదని చెప్పాయి. చల్లిన మందు మురికిని తొలగించదు, చాటున ఉన్న చోటికి చేరదు, పీల్చినవాళ్ల కళ్లకూ ఊపిరితిత్తులకూ మంట పుట్టిస్తుంది. గాలిలోకి మందు చిమ్మి క్రిములను చంపవచ్చన్న ఆశ కొత్తది కూడా కాదు. శస్త్రచికిత్స గదుల గాలిలోకి క్రిమినాశకమైన కార్బాలిక్ ఆమ్లాన్ని చిమ్మించిన బ్రిటిష్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టరే 1890 నాటికి ఆ చిమ్మడాన్ని వదిలేసి, చేతులు, పరికరాలు, గాయాల శుభ్రత మీదే నిలబడ్డారు.

మార్గదర్శకాలు చదివి నిర్ణయానికి రావడం కన్నా పరీక్షించి చూడడం మేలనిపించింది. పంటల మీద పిచికారీ సరిగ్గా పడుతోందో లేదో చూడడానికి వాడే, నీటి చుక్క తగలగానే పసుపు నుంచి నీలానికి మారే కాగితాలు దొరుకుతాయి. వాటిని ముక్కలుగా కోసి బల్లల మీద, కుర్చీ చేతుల అడుగున, సొరుగు పిడుల లోపలి వైపు, ప్రింటరు వెనక, తలుపు పిడుల కిందివైపు అంటించాను. ఫాగింగ్ అయ్యాక బల్లల మీది ముక్కలు నీలి చుక్కలతో నిండిపోయాయి. సొరుగు పిడుల లోపలివి, కుర్చీ చేతుల అడుగువి పసుపుగానే ఉన్నాయి. సొరుగు లాగేటప్పుడు వేళ్లు తగిలేది పిడి లోపలి వైపే. బల్ల మీద పడిన పొగమంచు కూడా ఏసీ గాలికి రెండు నిమిషాల్లో ఆరిపోయింది, లేబులు మీద మాత్రం 10 నిమిషాలు తడిగా ఉంచాలని స్పష్టంగా ఉంది. ఈ తడి సమయం గురించి పర్యవేక్షకుణ్ని అడిగితే, ఆరిపోయాక కూడా మందు పనిచేస్తూనే ఉంటుందన్నాడు. లేబులు అలా చెప్పడం లేదు.

తుడిచే పనికి వేరే పరీక్ష పెట్టాను. మామూలు వెలుతురులో కనబడని, అతినీలలోహిత టార్చి కింద మాత్రం మెరిసే సిరాతో నలభై చోట్ల చుక్కలు పెట్టాను: స్విచ్చులు, ప్రింటరు బటన్లు, ఫోను రిసీవర్లు, మంచినీళ్ల యంత్రం కొళాయి, మౌసులు, తలుపు పిడులు. ఆసుపత్రుల్లో పారిశుధ్య తనిఖీకి వాడే పద్ధతి ఇది. హాలులో సగం పెద్దావిడ, సగం రెండో మనిషి తుడిచారు. ఆమె వైపు ఇరవైలో పదిహేడు చుక్కలు పోయాయి, అతని వైపు ఏడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే మందు, ఒకే రసీదు. ఆమె గుడ్డను నాలుగు మడతలు వేసి, ఒక్కో మడత మురికి కాగానే మరో మడత తిప్పి, పై నుంచి కిందికి, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు తుడిచింది. మరుగుదొడ్డి గుడ్డ రంగు వేరు, బల్లల గుడ్డ రంగు వేరు. అతను ఒకే గుడ్డను ఒకే బకెట్‌లో ముంచుతూ మరుగుదొడ్డి తలుపు నుంచి కీబోర్డుల దాకా వచ్చాడు. అలా చేస్తే లేని చోటికి కూడా వైరస్‌ను మనమే మోసుకెళ్లినట్లవుతుంది. ఇంకో చిన్న సంగతి: బెంజాల్కోనియం వంటి మందులు నూలు గుడ్డకు అంటుకుపోతాయి, బకెట్‌లో సరైన గాఢతే ఉన్నా బల్ల మీదకు వచ్చేది అంతకన్నా పలచగా ఉంటుంది. ఆ మందుకు తగిన మైక్రోఫైబర్ గాని, దానికోసమే తయారైన తుడుపు గుడ్డ గాని అడిగి పెట్టించుకోవాలి.

పని ముగిశాక పర్యవేక్షకుడు చేతిలో ఇమిడే మీటరు ఒకటి తీసి, బల్లను దూదిపుల్లతో రుద్ది, అంకె పడిపోయిందని చూపించి, వైరస్ పోయిందనడానికి ఇదే రుజువన్నాడు. అది ఏటీపీ మీటరు. మిణుగురు పురుగును వెలిగించే ఎంజైమే అందులోనూ వెలుగునిచ్చి, జీవకణాలలో ఉండే ఏటీపీ అనే పదార్థం ఎంత మిగిలిందో కొలుస్తుంది. చక్కటి పరికరం, జిడ్డు, ఆహారపు అవశేషాలు, చర్మపు పొట్టు వంటి మురికి ఎంత పోయిందో చెబుతుంది. అయితే వైరస్‌లో సొంత ఏటీపీ ఉండదు, కాబట్టి వైరస్ ఉందో లేదో ఆ మీటరు చెప్పలేదు. తుడుపు ఎంత బాగా జరిగిందో చూపడానికి వాడితే మెచ్చుకునేవాణ్ని.

అదనంగా అమ్మజూపిన రెండింటినీ వద్దన్నాను. ఒకటి అతినీలలోహిత దీపం. 254 నానోమీటర్ల కాంతి వైరస్ జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తుందన్నది నిజమే, కాని కాంతి నేరుగా పడని నీడలో అది ఏమీ చేయదు, మనిషి కళ్ల మీద, చర్మం మీద పడితే హాని చేస్తుంది. పెన్నుల డబ్బాలు, తీగలు, తెరలతో నిండిన హాలులో నీడలే ఎక్కువ. రెండోది నెలల తరబడి కాపాడుతుందనే పూత. రోజుకు వందసార్లు చేతులు రాపాడే పిడి మీద అది ఎన్నాళ్లు నిలుస్తుందో చూపే పరీక్ష ఫలితం అడిగాను, ఇవ్వలేకపోయారు.

నష్టాల సంగతి. మా కార్యాలయంలో ఉబ్బసం ఉన్న ఒకరికి ఫాగింగ్ మర్నాడు దగ్గు ఎక్కువై ఇన్‌హేలర్ వాడాల్సి వచ్చింది. హాలు తెరిచి గాలి ఆడనివ్వాలని సంస్థ ముందుగా చెప్పలేదు. రెండు తెరల మీద తెల్లటి పొర పేరుకుంది, ఆరిన మందును తడిగుడ్డతో తుడిచేయాలనీ ఎవరూ చెప్పలేదు. ఇంట్లో కొళాయిలు మాత్రం చెడలేదు, ఆవిడ హైపోక్లోరైట్ తడి సమయం పూర్తి కాగానే మంచినీళ్లతో కడిగేసింది. లోహాన్ని అది తినేస్తుందని ఆమెకు తెలుసు.

ఇక సంస్థ ఒక్కసారి కూడా ఎత్తని విషయం గాలి. కరోనా వైరస్ ప్లాస్టిక్ మీద 72 గంటల దాకా, అట్టపెట్టె మీద 24 గంటల దాకా బతికి ఉంటుందన్న 2020 నాటి ప్రయోగ ఫలితం అందరినీ గుడ్డా బకెట్ పట్టించింది. అదే ప్రయోగంలో ప్లాస్టిక్ మీద వైరస్ సుమారు 7 గంటలకొకసారి సగానికి తగ్గుతూ పోయిందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. కలుషితమైన వస్తువును ఒకసారి తాకినందువల్ల కరోనా సోకే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కన్నా తక్కువని 2021 ఏప్రిల్‌లో సీడీసీ చెప్పింది. జ్వరం, దగ్గు తెచ్చే వైరస్‌లు ప్రధానంగా ఒకే గాలిని పంచుకోవడం వల్ల వ్యాపిస్తాయి కాబట్టి, పదకొండు మంది కూర్చునే మూసిన హాలులో గంటకు కనీసం 5 సార్లు గాలి మారేలా చూడడం బల్లలు తుడవడం కన్నా ముఖ్యం. నోరోవైరస్ విషయంలో లెక్క తలకిందులవుతుంది. దాని కణాలు అతి కొద్ది చాలు జబ్బు చేయడానికి, వస్తువుల మీద రోజుల తరబడి నిలుస్తాయి, చేతుల నుంచి నోటికి చేరతాయి. కాబట్టి ఈ సేవ మా ఇంటికి నిజంగా అవసరమైంది, కార్యాలయానికి అంతగా కాదు. సంస్థ మాత్రం ఎక్కువ హంగామా కార్యాలయంలో చేసింది.

నెల తర్వాత రెండోసారి పిలిచినప్పుడు పని పత్రం నేనే రాసిచ్చాను. ముందు సబ్బు నీళ్లు, తర్వాత మందు, చేతులు తగిలే చోట్ల జాబితా, లేబులు మీద ఉన్నంతసేపు తడి ఉండాలి, ఆరిపోతే మళ్లీ తడపాలి, మరుగుదొడ్డి గుడ్డలు వేరు, పని జరుగుతున్నంతసేపూ కిటికీలు తెరిచి ఉండాలి, ఫాగింగ్ వద్దు, ఆ పెద్దావిడే రావాలి. ఆమే వచ్చింది, మరో కొత్త అమ్మాయిని వెంటబెట్టుకుని పని నేర్పిస్తూ చేసింది. ఈసారి నలభై చుక్కల్లో ముప్పై ఆరు పోయాయి. సమయం మాత్రం మొదటిసారి కన్నా రెట్టింపు పట్టింది. ఆ తర్వాత కార్యాలయంలో జ్వరాలు తగ్గాయి, కాని ఆ ఘనత ఈ సేవకు ఇవ్వలేను. అదే నెలలో జ్వరం ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండాలని నియమం పెట్టాం, మూసి ఉన్న నాలుగు కిటికీలు తెరిచాం.

ఇంట్లో జబ్బు చేసినవాళ్లు ఉండి, తుడిచే ఓపిక మిగిలినవాళ్లకు లేనప్పుడు ఇలాంటి సేవ పనికొస్తుంది. అప్పుడు కూడా లేబులు ముందే తెప్పించుకోండి, ఎవరు వస్తున్నారో అడగండి. ఓపిక ఉంటే సబ్బు, కొలిచి కలిపిన బ్లీచింగ్ ద్రావణం, గ్లౌజులు, రెండు రంగుల గుడ్డలు చాలు, మా ఇంట్లో ఆ తర్వాత వచ్చిన వాంతుల జబ్బును అలాగే దాటించాం. సంస్థతో కార్యాలయ ఒప్పందం మాత్రం కొనసాగుతోంది. రసీదులో ఇప్పటికీ "ఫాగింగ్: ఉచితం" అని రాసి పంపుతున్నారు. వద్దని ప్రతిసారీ చెబుతున్నా యంత్రాన్ని మోసుకొస్తూనే ఉన్నారు, అది మెట్ల దగ్గర ఓ మూల కూర్చుని పని అయ్యాక తిరిగి వ్యానెక్కుతోంది.